ఏడు నెలల ఉప్పు

నర్సమ్మ వంటగదిలోకి వెళ్ళింది. ఆరాధనలో మొదటి పాట ఇంకా రెండో చరణం దాటలేదు, హాలంతా నిలబడి చప్పట్లు కొడుతోంది, ఆవిడ మాత్రం వెనక బెంచీ చివర నిలబడ్డ గరిటన్న పక్కనుంచే, తలుపు చప్పుడవకుండా రెండు వేళ్ళతో తోసుకుని లోపలికి జారుకుంది. మంచినీళ్ళకేమో అనుకున్నాడు గరిటన్న. కాదు, మంచినీళ్ళ జగ్గులు హాల్లోనే కిటికీ కింద వరసగా ఉన్నాయి. చేతులు కడుక్కోవడానికేమో, ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగి రిటైరైన మనిషి, గంటకోసారి చేతులు కడుక్కోకపోతే ఆవిడకి ఊపిరాడదు. కానీ లోపల పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది. సన్నటి మంట మీద, మూత పక్కకి జరిపి, ఎనభై మందికి సరిపడా కూరగాయల సూపు. మామూలు ఆదివారాల్లో నలభై మంది, ఇవాళ ఈస్టరు, పునరుత్థాన ఆదివారం, చుట్టాలూ స్నేహితులూ కలిసి రెట్టింపు. ఎప్పుడూ ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చునే గరిటన్న, వాళ్ళకి చోటిచ్చి ఇవాళ వెనక్కి వచ్చాడు. గిన్నె మీద మూత కదిలిన చప్పుడు అతనికి వినబడింది. ఇంత పాటలో, ఇన్ని చప్పట్లలో, ఆ చిన్న చప్పుడు వంటవాడి చెవికి వినబడకుండా ఎలా ఉంటుంది? అయిపోయింది, అనుకున్నాడు. ఇవాళ్టితో తెలిసిపోయింది.

పాస్టరుగారు "ప్రభువు లేచాడు!" అని చెయ్యెత్తారు. "నిజంగా లేచాడు!" అని హాలంతా కప్పు ఎగిరిపోయేలా అరిచింది. గరిటన్న పెదాలు కదిపాడు. మాట బయటికి రాలేదు. లేచాడు, సరే, లేచినవాడు నా దగ్గర్నుంచి ఎందుకు లేచిపోయాడు అని ఏడు నెలలుగా లోపల నలుగుతున్న ప్రశ్న, ఇంత సంతోషంలో ఎలా అడగడం? ఏడు నెలల కిందట ఒక జ్వరం. నాలుగు రోజులు మంచం మీద పడుకున్నాడు, అయిదో రోజు లేచి ఉల్లిపాయలు వేయిస్తుంటే అవి బొగ్గయ్యేదాకా తెలియలేదు. ముక్కు దిబ్బడేమో అనుకున్నాడు. వారం చూశాడు, నెల చూశాడు. వాసన రాలేదు, దాని వెనకే నాలుక కూడా పోయింది. క్యారెట్ నోట్లో పెట్టుకుంటే తడిసిన సుద్దముక్క. వేడి తెలుస్తుంది, చల్లన తెలుస్తుంది, గరుకూ నునుపూ తెలుస్తాయి. ఉప్పు తెలియదు. ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రి వంటశాలలో గరిట తిప్పినవాడికి ఉప్పు తెలియదంటే, టైలరుకి సూదిలో దారం కనిపించనట్టే. అయితే ఆసుపత్రిలో బతికిపోయాడు, అక్కడ అన్నీ చీటీ ప్రకారం, ఇన్ని గ్రాములు ఇంతమందికి అని గోడ మీద రాసి ఉంటుంది. పైగా ఆసుపత్రి తిండి చప్పగా ఉందని లోకంలో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇంట్లోనూ బతికిపోయాడు. ముప్ఫై ఏళ్ళు భార్య వంటకి వంక పెట్టిన మనిషి ఒక్కసారిగా ఏది పెట్టినా "బాగుంది" అనడం మొదలెట్టాడు. ఆవిడ సంఘంలో ఆడవాళ్ళందరికీ చెప్పింది, మా ఆయనకి ఇన్నాళ్ళకి నిజంగా మారుమనసు కలిగిందని. ఒక అమ్మాయి దాని గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పమని కూడా అడిగింది. అతను దగ్గుతో తప్పించుకున్నాడు. తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకంటే అసలు బతకలేనిది ఇక్కడే, ఈ హాల్లో. ఇక్కడ చీటీ లేదు, గ్రాములు లేవు. పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, చేత్తో వేసి నాలుకతో చూసి చేసిన వంట. ఈ సంఘంలో ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచి పంచుకోవడం ఆరాధన మధ్యలో ఉండదు. పాటా ప్రార్థనా వాక్యం అయ్యాక బెంచీలు ఎదురెదురుగా జరిపి, బల్లలు వేసి, అందరూ కలిసి సూపు తాగుతారు, తాగిన ఆ బల్ల మీదే రొట్టె విరుస్తారు. కనుక ఇక్కడ సూపు చెడితే పోయేది సూపొక్కటే కాదు, ప్రభువు బల్ల కూడా చెడినట్టేనని అతని నమ్మకం. ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం అని భయపడి ఏడు నెలలుగా చిటికెడు వేసి ఊరుకుంటున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. గిన్నె ప్రతివారం ఖాళీ అవుతూనే ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అతనూ రోజులు నెట్టుకొచ్చాడు.

ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకున్నారు. గరిటన్న ఒక కన్ను మూసుకున్నాడు. నర్సమ్మ ఎప్పుడో వచ్చి ముందు వరసలో కూర్చుంది, తల వంచుకుని, మహా భక్తిగా. ఇప్పుడు సంఘంలో అందరి బట్టలూ కుట్టే టైలరు లేచాడు. మెడలో టేపు తీయడం ఇవాళా మరిచిపోయాడు, దాని కొస బెంచీకి తగులుకుంటే విడిపించుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ, దేవుడితో మాట్లాడుతున్న ఎనభై మంది పక్కనుంచి వంటగదిలోకి వెళ్ళాడు. మూత చప్పుడు. మళ్ళీ మూత చప్పుడు. అంటే నర్సమ్మ చెప్పింది. చెప్పే ఉంటుంది, సూపు నీళ్ళలా ఉంది, వెళ్ళి చూడు అని. ఇంకాసేపట్లో పాస్టరుగారి చెవిలో పడుతుంది. గరిటన్న మూసిన కన్ను కూడా తెరిచి పైకప్పు వంక చూశాడు. ఈ పైకప్పు ఒకప్పుడు ఇనుప సామాన్ల గోడౌనుది, దూలానికి గొలుసుల కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి, వాటికివాళ పువ్వులు కట్టారు. మొదటిసారి వచ్చినప్పుడూ ఈ కొక్కేలనే లెక్కపెడుతూ నిద్రపోయాడు. భార్య లాక్కొస్తే వచ్చాడు, ఇదే వెనక బెంచీ, ప్రసంగం మొదలవగానే గురక. మాడు వాసనకి మెలకువ వచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు, లేచి పరిగెత్తాడు, వంటగదిలో ఎవరూ లేరు, అడుగంటుతున్న సూపుని పై పైనే ఇంకో గిన్నెలోకి వంచి, ఇంత నీళ్ళు పోసి, ఇంత నిమ్మరసం పిండి, రుచి చూసి, తలెత్తితే తలుపు దగ్గర పాస్టరుగారు. "అన్నా, వచ్చే వారం కూడా వస్తావా?" అన్నారు. అప్పటినుంచి అందరికీ, తనకన్నా పెద్దవాళ్ళకి కూడా, గరిటన్నే. అసలు పేరు బాప్తిస్మం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. దేవుడు కొందర్ని స్వరంతో పిలుస్తాడట, కొందర్ని వెలుగుతో. తనని మాడు వాసనతో పిలిచాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళంతా సంతోషం పాకేది.

అవును, వాసనతోనే పిలిచాడు, వాసనలోనే ఉండేవాడు. ఇది గరిటన్న ఎవరికీ చెప్పుకోలేదు, భార్యకి కూడా. ఆదివారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, ఉల్లిపాయలు బంగారు రంగుకి తిరిగే సమయానికి మూత తీస్తే, ఆవిరి ముఖానికి కొడితే, పక్కన ఒకాయన నిలబడినట్టు తెలిసేది. కనిపించేది కాదు. వంటగదిలో ఇంకో మనిషి ఉంటే తిరిగి చూడకుండానే తెలుస్తుంది చూడు, అలాగ. గరిటన్న ఆయనతో మాట్లాడేవాడు. ఇవాళ క్యారెట్లు బాగున్నాయి, మిరియాలు కొంచెం దంచి వేద్దామా, అని. జ్వరంతో పాటు అదీ పోయింది. మూత తీస్తే ఆవిరి తడి, అంతే. ఏడు నెలలుగా పక్కన ఎవరూ లేరు. వంట పోతే వంట, చేతికి ఇంకో పని దొరక్కపోదు. ఆయన పోతే ఏం చేయడం? అందుకే నిన్న నిశ్చయించుకున్నాడు. ఇవాళ భోజనాలయ్యాక లేచి నిలబడి, నడుం నొప్పి అని చెప్పి, గరిట కింద పెట్టేయాలి. ఆ తర్వాత ఆదివారం పొద్దుటిపూట ఇంట్లో పడుకోవాలి. వాసన తెలియని వంటవాడికి, ప్రభువు తెలియని విశ్వాసికి ఈ గోడౌనులో ఏం పని? నడుం నొప్పి అనే అబద్ధం పలికేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా అద్దం ముందు చూసుకున్నాడు.

వాక్యం చదువుతున్నారు. ఇద్దరు మనుషులు దిగులుగా ఊరి దారి పట్టారు. మూడో ఆయన వచ్చి కలిశాడు. ఎవరో వాళ్ళకి తెలియలేదు, వాళ్ళ కళ్ళు మూసుకుపోయి ఉన్నాయట. దారి పొడుగునా పక్కనే నడిచాడు, మాట్లాడాడు, సాయంత్రానికి బల్ల దగ్గర కూర్చుని రొట్టె విరిచాడు, అప్పుడు తెలిసింది, ఆయన లేచిన ప్రభువేనని. గరిటన్నకి ఈ కథంటే ఇష్టం, ఇందులో భోజనం ఉంది. చేపల కథ ఇంకా ఇష్టం. తెల్లారేసరికి ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రండి తినండి అన్నాడట. చావుని గెలిచి వచ్చినవాడు, లోకాన్ని ఏలాల్సినవాడు, చేసిన పనుల్లో ఒకటి పొద్దున్నే నలుగురికి వండటం! ఈ మాట విన్న ప్రతిసారీ వంటవాడిగా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఎన్ని సందేహాలో కూడా. చేపలు ఎవరు శుభ్రం చేశారు? ఉప్పు ఎక్కడ దొరికింది ఆయనకి, ఆ ఇసకలో? రుచి చూశాడా ముందు? మేకుల గాయాలున్న చేతులతో నిప్పుల మీద చేపని తిప్పుతుంటే మండలేదా? ఇన్ని అనుకుంటుండగా ముందు వరసలోంచి బస్సు డ్రైవరు లేచాడు. పొట్ట పట్టుకుని, కడుపు నొప్పి నటన, సినిమాల్లో కూడా ఇంతకన్నా బాగా చేస్తారు. వంటగది తలుపు. మూత. మూత. బయటికి వస్తూ గరిటన్న కళ్ళలో కళ్ళు పడితే, తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకుని వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ ముసలావిడ ఇవాళే మొదటిసారి వచ్చింది, కొత్త చీర కట్టుకుని. పాపం, మొదటిసారి వచ్చి నా చప్పిడి సూపు తాగాలా అని గరిటన్నకి ఏడుపొచ్చింది.

నాలుగో మనిషిని చూశాక ఇక ఏడుపు కూడా రాలేదు. పాటల గుంపులో ముందు నిలబడే తన భార్య, ప్రసంగం మధ్యలో, రెండుసార్లు దగ్గి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని వంక చూడకుండా అతని పక్కనుంచే వంటగదిలోకి వెళ్ళింది. ఆవిడకి దగ్గు లేదు. పొద్దున బస్సులో సగం దూరం పాడుకుంటూ వచ్చింది. ఆవిడకి కూడా చెప్పేశారన్నమాట. ప్రభువా, అన్నాడు గరిటన్న లోపల, ఏడు నెలల తర్వాత మొదటిసారి గట్టిగా. ప్రభువా, నాలుక ఇవ్వకపోతే పోనీ. ముక్కు ఇవ్వకపోతే పోనీ. నువ్వు ఉన్నావా లేవా, అదొక్కటి చెప్పు. నేనిక్కడ ఒక్కణ్ణే నిలబడలేను. పాస్టరుగారు "ఆమెన్" అన్నారు, బెంచీలు గరగరలాడుతూ ఎదురెదురుగా జరిగాయి, బల్లలు విప్పారు, చేతులు చేతులకి గిన్నెలు అందించాయి. గరిటన్న లేచి తన గరిట అందుకున్నాడు. చివరిసారి కదా, ప్రతి గిన్నెలోనూ ముక్కలు సమంగా పడేలా చూసి చూసి పోశాడు.

పాస్టరుగారు మొదటి చెంచా తాగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరాధన ప్రభావం అనుకున్నాడు గరిటన్న. పక్కన కూర్చున్నామె కళ్ళలోనూ నీళ్ళు. ఆ పక్కవాళ్ళకీ. చెంచా, మంచినీళ్ళు. చెంచా, మంచినీళ్ళు. ఎనభై మందీ తలలు వంచుకుని పరీక్ష రాస్తున్న పిల్లల్లా తాగుతున్నారు, కిటికీ కింద జగ్గులన్నీ ఖాళీ అయ్యాయి, ఎవరో పరిగెత్తి నింపుకొచ్చారు, అవీ ఖాళీ అయ్యాయి. గరిటన్న ఒక్కడే ఆకలి మీద గిన్నెడు తాగేసి రెండోది పోసుకున్నాడు. అందరూ అతని వంకే చూస్తున్నారు. అప్పుడు డ్రైవరు తల్లి చెంచా బల్ల మీద పెట్టి, చెవుడున్నవాళ్ళు మాట్లాడే గొంతుతో అంది: "ఒరేయ్ అబ్బాయ్, ఇది సూపా, సముద్రమా?"

సముద్రం? చప్పగా కదా ఉండాలి? చిటికెడే కదా వేసింది? గరిటన్నకి అర్థం కాలేదు, కానీ కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చెయ్యి నడుం మీదికి పోయింది, అద్దం ముందు చూసుకున్న చోటికే. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "తప్పు నాదేనండీ. నాకు రుచి తెలీదు. వాసన తెలీదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ, ఏడు నెలలైంది. మీ అందర్నీ మోసం చేశాను." అంతే, తల దించుకున్నాడు. అయ్యో అంటారని చూశాడు. ఎవరూ అనలేదు. నర్సమ్మ అతని వైపు తిరిగింది.

"తెలుసు కదా గరిటన్నా," అంది. "నువ్వు చెప్పేదాకా అడగకూడదనుకున్నా. ప్రతివారం వెళ్ళి ఇంత ఉప్పు వేసి వస్తున్నా. ఇవాళ పెద్ద గిన్నె, పాట అయిపోతుందేమోనని రుచి చూడకుండా రెండు గుప్పిళ్ళు వేశా."

"మీరు వేశారా?" టైలరు గిన్నె పక్కకి పెట్టి లేచాడు. "నాకొక్కడికే తెలుసనుకున్నానే! ప్రతివారం రుచి చూసి తక్కువైతేనే వేసేవాణ్ణి, ఇవాళ నేనూ చూడకుండా రెండు గుప్పిళ్ళు వేశానండీ."

డ్రైవరు మెల్లగా చెయ్యెత్తాడు. మూడు వేళ్ళు చూపించాడు, మూడు గుప్పిళ్ళని.

ఇక మిగిలింది ఒక్కరు. గరిటన్న భార్య వంక చూశాడు. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. "మీకు జ్వరం తగ్గిన నెలకే అనుమానమొచ్చి టీలో పంచదారకి బదులు ఉప్పు వేసిచ్చాను. తాగి బాగుందన్నారు. ఆ రోజు స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చాను," అంది. "మీ పరువు కాపాడదామని ప్రతివారం నేనే చివర్లో వెళ్ళి చూసుకునేదాన్ని. ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉండేది. ఆదివారం ఒక్కపూట మీకు నాలుక తిరిగొస్తోందేమో, దేవుడి మహిమేమోనని మురిసిపోయాను. ఇవాళ చూసే తీరిక లేక నేనూ ఇంత వేసేశాను." ముందు నవ్వింది ఎవరో తెలియదు. డ్రైవరు తల్లికి కొడుకు చెవిలో అరిచి చెబుతుంటే, ఆవిడ విని, బల్ల మీద చరిచి నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. పాస్టరుగారు కడుపు పట్టుకుని బెంచీ మీద వాలిపోయారు. ఒకరికొకరు తెలియకుండా, ఒక్క మనిషిని సిగ్గుపడనివ్వకుండా, ఏడు నెలలు నలుగురూ దొంగతనంగా ఉప్పు మోశారు.

గిన్నెని రెండు చేశారు, నీళ్ళు పోశారు, మూలనున్న బంగాళదుంపల బస్తా బల్లల మీదికి వచ్చింది. ఉప్పు లాగాలంటే దుంపలే గతి అని గరిటన్నే చెప్పాడు, చెబుతుంటే గొంతులో పాత అధికారం అదే వచ్చేసింది. ఎనభై మంది తొక్క తీస్తున్నారు, టైలరు తీసే తొక్క టేపులా ఒకే ముక్కగా వస్తోంది, చుట్టాలుగా వచ్చినవాళ్ళ చేతికీ కత్తులిచ్చారు. దుంపలు ఉడకాలంటే సమయం పడుతుంది, అందాకా రొట్టె ఆగదులెండి అని పాస్టరుగారు తొక్కల మధ్యే ఇంత చోటు చేసుకుని రొట్టె ఎత్తి, విరిచి, పక్కవాళ్ళకి ఇచ్చారు. చెయ్యి మారి చెయ్యి మారి వచ్చింది. గరిటన్నకి ఇచ్చింది నర్సమ్మ. ఆవిడ వేళ్ళకి దుంపల మట్టి ఉంది. నోట్లో పెట్టుకున్నాడు. దూది. రుచి లేదు, వాసన లేదు. గరుకు, తర్వాత మెత్తన, అంతే. కానీ నమలడం మధ్యలో ఆగిపోయాడు. పక్కన ఎవరో ఉన్నారు.

తిరిగి చూడలేదు. చూడకుండానే తెలుస్తుంది. అయితే ఇన్నాళ్ళూ నేను ఆవిరిలో వెతుకుతున్నాను, నువ్వేమో తలుపులోంచి వస్తున్నావా? మునివేళ్ళ మీద, మెడలో టేపుతో, కడుపు నొప్పి నటించుకుంటూ, దొంగ దగ్గు దగ్గుకుంటూ? నేను కళ్ళు మూసుకున్న ఆదివారాలన్నీ నా గిన్నె మూత తీసింది నువ్వేనా? దారి పొడుగునా పక్కనే నడిచావు, నీతోనే నీ మీద ఫిర్యాదు చెప్పుకున్నాను, ఎంత మూర్ఖుణ్ణి ప్రభువా! సంతోషం పాలు పొంగినట్టు అడుగునుంచి పొంగింది, ఆపడం అతని వల్ల కాలేదు. ఎనభై మంది ముందు, నోట్లో రొట్టెతో, చంటిపిల్లాడిలా ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. లేచాడు! నిజంగా లేచాడు! అని తనే అరిచాడు, ఎవరూ పిలవకుండానే, వరస కాని వరసలో, రొట్టె ముక్కలు ఎగిరి పడేలా. డ్రైవరు తల్లి "ఏమంటున్నాడు?" అని అడిగింది. "ఆయన బతికే ఉన్నాడంటున్నాడమ్మా," అన్నాడు కొడుకు. "మరి కాదా?" అందావిడ.

దుంపలు ఉడికిన చప్పుడు వినబడింది. బుడగలు చిక్కబడ్డాయి. గరిటన్న ముఖం తుడుచుకుని వెళ్ళి రెండు గిన్నెలూ హాల్లోకి తెప్పించాడు, అందరి మధ్యలో బల్ల మీద పెట్టించాడు, నలుగురికీ చెంచాతో తలా ఇంత పోశాడు. పోసి, గరిట అంచుకి ఆనించి, వంటవాళ్ళు రోజుకి పదిసార్లు అడిగే మాట, ఏడు నెలలుగా భయంతో అతని నోట రాని మాట, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా?"

టైలరు సరిపోయిందన్నాడు. డ్రైవరు తలూపాడు. భార్య ఇంకో చెంచా పోసుకుంది. నర్సమ్మ ఇంకోసారి చప్పరించి, "నిజం చెప్పమంటావా? ఇప్పుడు కొంచెం తగ్గింది," అంది.

గరిటన్న ఉప్పు డబ్బా తెచ్చి మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మీరు వేయండమ్మా," అన్నాడు. "నేను కలుపుతాను."